సమానుల నడుమ సారథ్యం

అధికారం ఉన్నవారి చేతిలో ఆజ్ఞ ఒక సాధనం. ఉత్తర్వు జారీ చేయవచ్చు, గడువు విధించవచ్చు, పని జరిగినదీ లేనిదీ తనిఖీ చేయవచ్చు. కాని తనతో సమానమైన హోదా, సమానమైన అనుభవం గల సహోద్యోగులకు సారథ్యం వహించవలసి వచ్చినవాని పరిస్థితి వేరు. అతడు ఎవరినీ ఆజ్ఞాపించలేడు, ఎవరికీ మెమో ఇవ్వలేడు. "రేపటినుంచి నేను రాను" అని ఎవరైనా అంటే, బతిమాలడం మినహా అతడు చేయగలిగినది లేదు. అటువంటి బృందాన్ని ఒక్కతాటిపై నిలిపి ఉంచేది ఏమిటి? మనం ఎందుకు కూర్చుంటున్నామన్న సంగతి అందరికీ ఒకే విధంగా, స్పష్టంగా తెలిసి ఉండటమే. ఆ స్పష్టత ఉన్నంతకాలం బృందం ఉంటుంది. అది మసకబారిన నాడు మిగిలేది కుర్చీలు, తేనీటి కప్పులు మాత్రమే.

ద్రోణాచార్యుని పరీక్ష మనందరికీ తెలిసినదే. చెట్టు, కొమ్మ, ఆకులు, తోటివారు అన్నీ కనబడినవారు ఓడిపోయారు. పక్షి కన్ను మాత్రమే కనబడిన అర్జునుడు గెలిచాడు. అయితే అర్జునుడు ఒంటరిగా గురి చూశాడు. ఎనిమిదిమంది విలుకాండ్రను వరుసగా నిలబెట్టి, అందరికీ అదే పక్షి కన్ను కనబడేటట్లు చేయవలసి వస్తే? సమానుల బృందానికి నాయకుడైనవాని ముందున్న పరీక్ష అది. ప్రభుత్వ రంగ సంస్థలలో పనిచేసే మనకు ఈ పరీక్ష కొత్తది కాదు. క్వాలిటీ సర్కిల్ అనే పేరుతో అది మన ముంగిట్లోకి వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది.

ఒక పత్రిక చుట్టూ చేరినవారు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్ పరిశ్రమలు తమ వస్తువుల నాణ్యతను పెంచుకొనే ప్రయత్నంలో పడ్డాయి. 1950లో డెమింగ్, 1954లో జురాన్ అనే అమెరికన్ నిపుణులు అక్కడికి వెళ్ళి ఉపన్యాసాలు ఇచ్చారు. కాని ఆ విద్య మొదట ఇంజనీర్లకు, పై అధికారులకు మాత్రమే పరిమితమైంది. యంత్రం ముందు నిలబడే మనిషి వరకు అది చేరాలని భావించినవారిలో ముఖ్యుడు ఆచార్య కావోరు ఇషికావా. ఆ ఉద్దేశంతోనే 1962లో ఫోర్‌మన్‌ల కోసం ఒక పత్రిక ప్రారంభమైంది. ఒక్కరే చదివితే పుస్తకం అటకెక్కుతుంది కనుక, పదిమంది కలసి చదివి, చదివినదాన్ని తమ పనిచోట ప్రయోగించి చూడాలని ఆ పత్రిక ప్రోత్సహించింది. అట్లా ఏర్పడిన పఠన బృందాలే క్వాలిటీ సర్కిళ్ళు. మొట్టమొదట నమోదైన బృందం మత్సుయామాలోని టెలిఫోన్, టెలిగ్రాఫ్ సంస్థకు చెందినది. అది ఆనాడు జపాన్ ప్రభుత్వ రంగ సంస్థ కావడం మనం గమనించదగిన విషయం.

1970లో ఈ బృందాలకు మార్గదర్శక సూత్రాలను గ్రంథస్థం చేసినప్పుడు మూడు ఆశయాలను పేర్కొన్నారు. సంస్థ అభివృద్ధికి తోడ్పడటం. మనిషిని గౌరవిస్తూ పనిచోటును ఆనందదాయకంగా తీర్చిదిద్దటం. మనిషిలో నిద్రాణమై ఉన్న శక్తులను వెలికితీయటం. ఈ మూడింటిలో బహుమతి ప్రస్తావన లేదు. పోటీ ప్రస్తావన కూడా లేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దీని అవసరం ముందు ముందు కలుగుతుంది.

మన దేశంలో ఈ ఉద్యమానికి తొలి అడుగు పడినది తెలుగు నేలమీదనే. హైదరాబాదు సమీపాన రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారంలో, ఆనాడు జనరల్ మేనేజర్ హోదాలో ఉన్న ఎస్.ఆర్. ఉడుప చొరవతో 1980లో ఈ బృందాలు మొదలయ్యాయి. ఒక కర్మాగారంలో మొలకెత్తిన ఆలోచన దేశమంతటా వ్యాపించాలంటే ఒక వేదిక అవసరమని గుర్తించి, 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియాను స్థాపించారు. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాదు. ఉక్కు, విద్యుత్తు, బొగ్గు, రైల్వే వంటి రంగాలలోని అనేక సంస్థల ఉద్యోగులు ఏటేటా ఈ వేదికమీద తమ అనుభవాలను పంచుకుంటున్నారు. 2016లో ఆ జాతీయ సదస్సు మన రాయపూర్‌లోనే జరిగింది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నెస్ వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారం ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్నది. ఇటువంటి పారిశ్రామిక ప్రాంతానికి ఆ సదస్సు రావడం సముచితమే.

ఆరంభ శూరత్వం

అయితే ఈ చరిత్రకు మరొక పార్శ్వం కూడా ఉన్నది. 1974లో అమెరికాలోని లాక్‌హీడ్ విమాన సంస్థ ఈ బృందాలను ప్రవేశపెట్టింది. తరువాతి కొన్నేళ్ళలో అక్కడ అదొక వెల్లువ అయింది. మరి కొన్నేళ్ళకే వెల్లువ తీసింది. 1985లో ఎడ్వర్డ్ లాలర్, సూసన్ మోర్మన్ అనే పరిశోధకులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ క్షీణతకు కారణాలను విశ్లేషించారు. మొదట్లో సులభమైన సమస్యలు త్వరత్వరగా పరిష్కారమవుతాయి. ఉత్సాహం పెరుగుతుంది. తరువాత మిగిలినవి కఠినమైన సమస్యలు. మధ్యస్థాయి అధికారుల సహకారం అంతగా లభించదు. ఇచ్చిన సూచనలు కాగితాలమీదనే ఉండిపోతాయి. బృందంలో చోటు దొరకనివారికి అసూయ పుడుతుంది. క్రమంగా సమావేశాలు పలచబడి, చివరకు ఆగిపోతాయి.

మనవారు ఆరంభ శూరులని పెద్దలు చమత్కరిస్తూ ఉంటారు. ఈ వ్యాధి ఏ ఒక్క జాతికీ సొంతం కాదని పై ఉదాహరణ వలన తెలుస్తున్నది. ఆ పరిశోధకులు చూపిన కారణాలకు ఇంకొకటి చేర్చాలని నాకు అనిపిస్తుంది. అది బృంద నాయకుని దృష్టి చెదరడం. దీనిని పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. స్వయంగా పొరపాటు చేసి తెలుసుకున్నాను.

కిటికీ ముందు మనిషి

కొన్నేళ్ళ క్రితం రాయపూర్‌లో స్టోర్సు విభాగంలో పనిచేస్తున్నప్పుడు మేము ఎనిమిదిమందిమి ఒక సర్కిల్‌గా ఏర్పడ్డాము. ఛత్తీస్‌గఢ్‌వారు, ఒడియావారు, ఒక బెంగాలీ మిత్రుడు, ఇద్దరు తెలుగువారము. నన్ను నాయకునిగా ఎన్నుకున్నారు. అందుకు నాకున్న అర్హత, నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పగలగడం మాత్రమే. ఉత్తరాదివారికి తెలుగువాడు కనబడితే అసలు పేరు ఏదైనా 'రావ్‌జీ' అవుతాడు. నేనూ అలాగే రావ్‌జీనయ్యాను.

ప్రతి బుధవారం ఒక గంట కూర్చునేవారము. మొదటి సమావేశంలో ఎవరికి తోచిన సమస్యలను వారు చెప్పారు. అన్నీ నల్లబల్లపై రాసి, చివరకు ఒకదానిని ఎంచుకున్నాము. విడిభాగాల కోసం షాపులనుంచి వచ్చే కార్మికుడు స్టోర్సు కిటికీ ముందు చాలాసేపు నిలబడవలసి వస్తున్నది. అక్కడ అతడు నిలబడినంతసేపూ ఇక్కడ యంత్రం ఆగి ఉంటుంది. "కిటికీ ముందు మనిషి ఎందుకు నిలబడవలసి వస్తోంది?" అన్న ప్రశ్నను పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి గోడకు తగిలించాము.

ఒక నెలపాటు ప్రతి ఆలస్యానికీ కారణం రాసుకున్నాము. వస్తువులు నిల్వ లేకపోవడమే కారణమని మేమందరమూ ముందే తీర్మానించుకున్నాము. లెక్క వేరే చెప్పింది. ఒకే వస్తువును ఒక షాపువారు హిందీ పేరుతో, మరొక షాపువారు ఇంగ్లీషు పేరుతో, ఇంకొకరు అది తయారుచేసిన పాత కంపెనీ పేరుతో అడుగుతున్నారు. స్లిప్పుమీద రాసిన నంబరు ఒకటి, కావలసిన వస్తువు మరొకటి. వెతకడం, తేవడం, "ఇది కాదు" అనిపించుకోవడం, మళ్ళీ వెతకడం. దీనికి పరిష్కారంగా, తరచుగా అడిగే వస్తువుల నమూనాలను ఒక బోర్డుకు బిగించి, ఒక్కొక్కదాని క్రింద నంబరు రాసి కిటికీ పక్కన పెడదామని అనుకున్నాము. కార్మికుడు వేలు పెట్టి చూపితే చాలు.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే సాగింది. తరువాతనే నా పొరపాట్లు మొదలయ్యాయి.

ఒక బుధవారం ఒక మిత్రుడు తన క్వార్టరు పైకప్పు కారుతున్న సంగతి ఎత్తాడు. పాపం, వానాకాలం. విందామని అనుకున్నాను. మరుసటి వారం క్యాంటీన్, ఆ తరువాత ప్రమోషన్ల సీనియారిటీ జాబితా. వద్దంటే నొచ్చుకుంటారేమోనని దేనినీ ఆపలేదు. అందరినీ మెప్పించడమే నాయకత్వమని భ్రమపడ్డాను. ఫలితం తలక్రిందులైంది. ఫిర్యాదులు వినడానికి ఎవరూ గంటసేపు కూర్చోరు. ఎనిమిదిమందిమి ఐదుగురమయ్యాము, ఒకనాడు నలుగురమే మిగిలాము.

అంతలో పోటీల ప్రకటన వెలువడింది. దానితో అందరూ తిరిగి వచ్చారు. నేనూ సంబరపడ్డాను. అయితే నమూనాల బోర్డు వేదికమీద చెప్పుకోవడానికి మరీ చిన్న విషయంగా తోచింది. దాన్ని పక్కనపెట్టి, స్టోర్సు మొత్తాన్ని కంప్యూటరీకరించే పెద్ద ప్రణాళికను తలకెత్తుకున్నాను. సాయంకాలాలు రంగురంగుల పటాలు గీయడం, ఉపన్యాసం వల్లెవేయడంతో గడిచిపోయాయి. బోర్డు సంగతి మరచాము. ఆలస్యాల లెక్క రాయడం రెండు నెలలు ఆగిపోయింది.

మా బృందంలో వయసులో పెద్దవాడు, ఖలాసీగా చేరి అంచెలంచెలుగా ఎదిగి, పదవీ విరమణకు దగ్గరపడినవాడు ఒకరు ఉండేవారు. ఆయనను మేమందరమూ 'కకా' అని పిలిచేవారము. ఛత్తీస్‌గఢీలో కకా అంటే చిన్నాన్న. సాధారణంగా పెదవి విప్పని మనిషి. ఒక సాయంత్రం మా పటాలన్నిటినీ శ్రద్ధగా చూసి, నెమ్మదిగా అన్నారు: "రావ్‌జీ, బొమ్మలు చాలా బాగున్నాయి. కాని కిటికీ ముందు మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు."

ఎవరమూ మాట్లాడలేదు. గోడమీద అట్ట మొదటిరోజునుంచీ అక్కడే ఉన్నది. మేమే దానివైపు చూడటం మానివేశాము.

అప్పటికి పోటీకి పది రోజుల వ్యవధి ఉన్నది. పటాలన్నీ తన చేతులతో గీసిన యువ మిత్రుడు ఒక ఉపాయం చెప్పాడు. బోర్డు సంగతే చెబుదాం, కాకపోతే ఆగిపోయిన రెండు నెలల అంకెలను అంచనా వేసి నింపుదాం, ఎవరు చూడవచ్చారు అన్నాడు. నలుగురు ఆ మాటకు తల ఊపారు. నాకూ ఒక్క క్షణం ఆశ కలిగిన మాట దాచను. కాని లెక్క రాయడం మొదలుపెట్టినందువల్లనే అసలు కారణం తెలిసింది. ఆ లెక్కనే కల్పించిన తరువాత మా దగ్గర మిగిలేది ఏమిటి? పోటీనుంచి పేరు ఉపసంహరించుకుందామని చెప్పాను. ఆ యువకుడు పటాల చుట్టలను బల్లమీద పడవేసి వెళ్ళిపోయాడు. మూడు బుధవారాలు రాలేదు.

నాల్గవ వారం అతని క్వార్టరుకు వెళ్ళాను. అతని తల్లిగారు తేనీరు ఇచ్చారు. అతడు మాత్రం ఎదుట కూర్చుని మాట్లాడలేదు. "తప్పు నీది కాదు, తమ్ముడూ. దారి తప్పించినవాణ్ణి నేను. నీ సాయంకాలాలన్నీ వృథా చేసినవాణ్ణి నేనే. నమూనాల బోర్డు మీద అక్షరాలు నీ చేతితో రాస్తేనే అందరికీ చదవడానికి వీలవుతుంది" అన్నాను. వెంటనే ఏమీ చెప్పలేదు. తరువాతి బుధవారం కుంచెలతో వచ్చాడు.

బోర్డు పెట్టాము. మళ్ళీ లెక్క రాశాము. కిటికీ ముందు నిరీక్షణ పూర్తిగా పోలేదు. కాని పేర్ల తికమక వలన కలిగే ఆలస్యం దాదాపు కనుమరుగైంది. మిగిలినది నిజంగా సరుకు లేక కలిగే ఆలస్యం. దానిని అంకెలతో సహా కొనుగోలు విభాగానికి తెలియజేశాము. మరుసటి సంవత్సరం పోటీలో పాల్గొన్నప్పుడు ఆ రెండు నెలల గడులను ఖాళీగానే చూపాము. ఎందుకు ఖాళీ అని న్యాయనిర్ణేతలు ప్రశ్నించారు. "అవి మేము దారి తప్పిన నెలలు" అని ఆ యువ మిత్రుడే సమాధానం చెప్పాడు. మాకు ప్రథమ బహుమతి రాలేదు. ఆ తరువాత కొత్త వస్తువులు వచ్చినప్పుడల్లా ఎవరూ చెప్పకుండానే షాపులవారు నమూనాలు తెచ్చి బోర్డుకు బిగించేవారు.

అనుభవం నేర్పిన పాఠాలు

ఈ చిన్న అనుభవంనుంచి గ్రహించిన కొన్ని విషయాలను, బృంద సారథ్యం వహించే మిత్రుల ఉపయోగార్థం పొందుపరుస్తున్నాను.

1. లక్ష్యం ఒక్క వాక్యంలో ఇమడాలి. అది ప్రశ్న రూపంలో ఉంటే మరీ మంచిది. 'నాణ్యతాభివృద్ధి' వంటి మాట ఎవరినీ కదిలించదు. ప్రశ్న సమాధానం కోరుతుంది. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనవంటి చిన్న వృత్తులవారిని, వ్యాపారులను పన్నెండుమందిని చేర్చి ఒక మండలిని నెలకొల్పాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం వారు సమావేశమయ్యేవారు. చర్చ పక్కదారి పట్టకుండా ఇరవైనాలుగు ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేసుకున్నారు. ఆ మండలి చర్చలలోనుంచే 1731లో చందాదారుల గ్రంథాలయం పుట్టింది. ప్రశ్నలు నిలకడగా ఉన్నందువల్లనే మాటలు పనులుగా మారాయి.

2. పక్కదారి పట్టే విషయాలను తోసివేయరాదు, అలాగని లోనికి రానీయరాదు. క్వార్టరు కారడం నిజమైన బాధే. దానికొక పుస్తకం వేరుగా ఉంచి, రాసుకొని, సంబంధిత విభాగానికి పంపి, ఏమైనదో తిరిగి సభ్యునికి చెప్పాలి. అప్పుడు అతనికి గౌరవం దక్కుతుంది, సమావేశానికి గంట దక్కుతుంది.

3. లెక్కే బృందానికి జ్ఞాపకశక్తి. నాయకుని అభిప్రాయం కంటె, పెద్దల అనుభవం కంటె, గోడమీది అంకె నిష్పాక్షికమైనది. దానిని దిద్దడం మొదలైన రోజున బృందానికి చూపు పోయినట్లే.

4. ప్రదర్శన వేరు, ప్రయోజనం వేరు. పోటీలు అనుభవాలను పంచుకొనడానికి ఉద్దేశించినవి. అవి తప్పు కావు. బహుమతి పనికి నీడవంటిది. నీడను పట్టుకొనబోతే పని చేజారుతుంది.

5. లక్ష్యం నాయకుని సొంత ఆస్తి కారాదు. మా బృందాన్ని దారిలో పెట్టినది నేను కాదు, కకా. మౌనంగా ఉండే సభ్యుడు కూడా "మనం దారి తప్పాము" అని నిర్భయంగా చెప్పగలిగే వాతావరణం కల్పించడమే సారథి చేయవలసిన మొదటి పని. వీలైతే సారథ్యాన్ని వంతులవారీగా మార్చుకోవాలి.

6. స్పష్టత అంటే మొండితనం కాదు. 1905లో షికాగోలో నలుగురు వృత్తి నిపుణులు ఒకరి వ్యాపారానికి ఒకరు తోడ్పడాలనే ఉద్దేశంతో సమావేశమయ్యారు. వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో కలుసుకున్నందున ఆ సంఘానికి రోటరీ అనే పేరు వచ్చింది. కొద్ది సంవత్సరాలకే సమాజసేవ దాని ప్రధాన ఆశయమైంది. ఆశయం మారవచ్చు. కాని అది అందరి ఎదుట, అందరి సమ్మతితో మారాలి. నేను చేసినట్లు నాయకుని మనసులో గుట్టుగా మారరాదు.

ఇంటా బయటా

ఈ మాటలు కర్మాగారానికి మాత్రమే వర్తిస్తాయని అనుకోరాదు. మన కాలనీలలో మహిళా మండళ్ళు ఉన్నాయి, సహకార సంఘాలు ఉన్నాయి. రాయపూర్ వంటి దూరప్రాంతాలలో ఉగాదికి, సంక్రాంతికి తెలుగు కుటుంబాలను ఒకచోట చేర్చే సమితులు ఉన్నాయి. విజయనగరంనుంచి, శ్రీకాకుళంనుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన పెద్దలు, పిల్లలకు నాలుగు తెలుగు ముక్కలు వచ్చి ఉండాలనే ఒక్క కోరికతో ఇటువంటి సమితులకు ప్రాణం పోశారు. వాటిలో అధ్యక్ష పదవికి ఎవరన్న చర్చ, పిల్లలకు తెలుగు ఎవరు చెబుతారన్న చర్చను మింగివేసినప్పుడు ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. ఎవరికి వారే యమునా తీరే అవుతారు. ఆ సమితులలో కూడా ఎవరో ఒకరు లేచి, గోడమీది అట్టను వేలితో చూపవలసి ఉంటుంది.

కకా పదవీ విరమణ చేసిన రోజున సన్మాన సభ జరిగింది. శాలువ కప్పారు, పూలమాల వేశారు, పెద్దలు మాట్లాడారు. సభ ముగిసిన తరువాత ఆయన ఇంటికి బయలుదేరుతూ ఒకసారి స్టోర్సువైపు నడిచారు. మేమూ వెంట వెళ్ళాము. కిటికీ ముందు ఎవరూ లేరు. ఆయన కాసేపు ఆ బోర్డువంక చూసి, వంకరగా ఉన్న ఒక నమూనాను సరిచేసి, మాకు నమస్కరించి వెళ్ళిపోయారు.

మన బృందాలన్నిటిలోనూ, వారానికి ఒక్కమారైనా, మనల్ని మనం అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. మనం ఎవరి కోసం కూర్చున్నామో, ఆ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడా?